పాదతీర్థం పోసిన మొక్కలు

"అమ్మా, పదేళ్ళుగా మీ పాదాల దగ్గరే ఉన్నాను. అయినా నాకేమీ అబ్బలేదు. ఎందుకని?"

వకుళ ఈ మాట అడిగింది కార్తీకమాసంలో, ఒకనాటి సాయంత్రం, ఇత్తడి పళ్ళెంలో గురువుగారి పాదాలు కడుగుతూ. మాట వినయంగానే ఉంది. దాని వెనక ఉన్నది వినయమొక్కటే కాదని మాత్రం అడిగినామెకూ తెలుసు, విన్నామెకూ తెలుసు.

గురువుగారి పేరు పూర్ణాంబ. పాడేరు కొండల మీద, కాఫీ తోటల నడుమ ఆమెదొక ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక పెంకుటిల్లు, ఒక వంటపాక, నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒక ఆవు. అందరూ ఆమెను అమ్మగారనే పిలిచేవారు. ఎనభై దాటిన మనిషి. ఉపన్యాసాలు ఆమెకు చేతకావు. ఎవరైనా ఆయాసపడుతూ కొండెక్కి వచ్చి మోక్షం గురించి అడిగితే, "ముందు ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యి నాయనా" అనేవారు. కొందరు ఈనెలు తీసి, అడగవలసినది మరిచిపోయి, భోంచేసి దిగిపోయేవారు. వాళ్ళకు మోక్షం దొరికిందో లేదో తెలియదు గాని కూర మాత్రం బాగుండేది.

వకుళ ఆ సాయంత్రం అలా అడగడానికి కారణం ఉంది. ఆ ఉదయం కోనవలస పెద్దలు వచ్చి వెళ్ళారు. కోనవలస రెండు కొండల అవతల, బస్సు దిగాక చాలా దూరం నడిస్తే వచ్చే పల్లె. "మా ఊళ్ళో ఆడవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ళు లేరమ్మా. కష్టమొస్తే పక్కన కూర్చునేవాళ్ళు లేరు. మీ దగ్గరున్నవాళ్ళలో ఒకరిని మాకు పంపండి. ఉండడానికి ఇల్లు మేమే కట్టిస్తాం" అని వాళ్ళు అడిగారు. అమ్మగారు తడుముకోకుండా "వకుళ వస్తుంది" అనేశారు. వాళ్ళకు మజ్జిగ పోస్తున్న వకుళ చేతిలో చెంబు ఒరిగి, సగం మజ్జిగ నేలపాలయింది.

వకుళకు నలభై ఏళ్ళు నిండేదాకా లోకమంటే మంచం పట్టిన తల్లి. ఆమెకు వేళకు మందు, వేళకు జావ, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం. ఆ తల్లి పోయాక వకుళ చేతులకు పని లేకుండా పోయింది. దుఃఖం వస్తే కొందరు దేవుణ్ణి వెతుక్కుంటారు. వకుళ పని వెతుక్కుంది, అమ్మగారి పాదాలు దొరికాయి. అప్పటి నుంచి అమ్మగారు దగ్గితే మిరియాల కషాయంతో వకుళ ప్రత్యక్షం. అమ్మగారు లేవబోతే వకుళ భుజం సిద్ధం. వచ్చినవాళ్ళు ఇంకాస్త సేపు కూర్చుందామనుకుంటే "అమ్మగారు అలిసిపోయారండీ" అని లేవగొట్టేది కూడా వకుళే. తక్కినవాళ్ళు ఆమెను చాటుమాటుగా ద్వారపాలకురాలని పిలుచుకునేవారు. ఆ పేరు వకుళ చెవినా పడింది. పైకి కోపం నటించింది గాని లోపల మురిసిపోయింది.

అలాంటి మనిషిని కోనవలస పొమ్మంటే ప్రాణం పోయినట్టే. ఎనభై దాటిన గురువును వదిలి రెండు కొండలు దాటి వెళితే మళ్ళీ ఈ పాదాలు కంటబడతాయన్న హామీ ఏముంది? కాని ఆ మాట నోటితో అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అందుకని ఇంకో దారిన వచ్చింది. తనకేమీ రాదు, ఏమీ రానిదాన్ని ఎలా పంపుతారు, అని. పైగా మాణిక్యాంబ సంగతి ఒకటి ఎప్పటినుంచో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మాణిక్యాంబ తన తరవాత వచ్చింది, మూడేళ్ళుండి వెళ్ళిపోయింది. పొద్దెక్కితే గాని లేచేది కాదు. అమ్మగారి కాళ్ళు ఒక్కనాడు కడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు చోడవరం వైపు ఎక్కడో ఒక పాకలో కూర్చుని మాట్లాడుతుంటే వినడానికి ఊళ్ళకు ఊళ్ళు వస్తున్నాయట.

అమ్మగారు పాదాలు తుడిపించుకున్నారు. తరవాత అన్నారు. "ఎల్లుండి విశాఖపట్నం వెళుతున్నాను కదా, కళ్ళ ఆపరేషన్‌కి. వచ్చాక మాట్లాడుకుందాం. గుమ్మం ముందు మొక్కలు నీకు అప్పగిస్తున్నాను. చలికాలం, వాటికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. వేళ్ళు బాగా తెల్లబడితే పొద్దుటి పూట కాసిని నీళ్ళు చిలకరించు. అంతే."

ఆ మొక్కలు అమ్మగారికి ఉన్న ఒకే ఒక్క మమకారం. గుమ్మం ముందు మామిడిచెట్టు మానుకు కొబ్బరిపీచు చుట్టి కట్టిన ఆర్కిడ్లు అవి. చుట్టుపక్కలవాళ్ళు బదనికలనేవారు. గాలివానకు అడవిలో విరిగిపడ్డ కొమ్మల మీద నుంచి అమ్మగారు ఏరుకొచ్చి బతికించుకున్నవి. వాటికి మట్టి పనిలేదు. వేళ్ళు గాలిలోనే ఉంటాయి, చెట్టును పట్టుకుంటాయే గాని చెట్టును తినవు. ఎండినప్పుడు ఆ వేళ్ళు వెండిలా తెల్లగా ఉంటాయి, నీళ్ళు తాగగానే పచ్చబడతాయి. ఏటా వేసవి ముంగిట పూలు పూస్తే అమ్మగారు కుర్చీ వేయించుకుని వాటి ఎదుట కూర్చునేవారు. చూపు మందగించాక వాసన చూసి, చేతివేళ్ళతో తడిమి సంతోషించేవారు.

అంతే అన్న అమ్మగారి మాటను వకుళ వినకపోలేదు. విని, తనకు తెలిసిన తీరున అర్థం చేసుకుంది. అమ్మగారు తన కోసం ఏనాడు ఏమి అడిగారు గనక? జ్వరమొస్తే ఏమీ అక్కర్లేదంటారు. చలేస్తుంటే దుప్పటి అక్కర్లేదంటారు. పదేళ్ళుగా వకుళ ఆ అక్కర్లేదుల్ని లెక్కచేయకుండానే ఆమెను కాపాడుకొస్తోంది. మొక్కల సంగతీ అంతేననుకుంది.

అమ్మగారు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. కడగడానికి పాదాలు లేవు. గురువు ఊళ్ళో లేనప్పుడు పాదుకలకు పూజ చేసే ఆచారం ఉంది కదా, వకుళ దాన్ని పట్టుకుంది. రోజూ సాయంత్రం దీపాలవేళ అమ్మగారి చెక్క పాదుకల్ని పళ్ళెంలో పెట్టి పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార కలిపి అభిషేకం చేసేది. తరవాత గంధం నీళ్ళతో కడిగేది. ఆ తీర్థాన్ని అందరూ తలా ఒక చుక్క పుచ్చుకోగా మిగిలినది ఎవరి కాలూ పడని చోట పోయాలి. ఇంతకు ముందు తులసికోట పక్కన పోసేవారు. వకుళకు ఈసారి అంతకన్నా మంచి చోటు తోచింది. మామిడిమాను మీది మొక్కలు. నేలకే తగలనివి, కాలు పడే మాటే లేనివి, పైగా అమ్మగారి ప్రాణం లాంటివి. పాదతీర్థానికి అంతకన్నా పవిత్రమైన చోటు ఎక్కడుంటుంది? పళ్ళెం ఎత్తి ఒక్కో మొక్క నడినెత్తిన ఓపిగ్గా పోసేది. పొద్దున్న మళ్ళీ మామూలు నీళ్ళు. మధ్యాహ్నం వేళ్ళు ఏమాత్రం తెల్లబడ్డట్టు కనిపించినా ఇంకో చెంబు. భక్తికి అతి అంటూ ఉండదని ఆమె నమ్మకం. మొక్కల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

పుష్యమాసపు మంచు కొండల్ని కప్పేసింది. సాయంత్రం పోసింది తెల్లవారినా ఆరేది కాదు. కొత్తలో మొక్కలు నిగనిగలాడాయి. తరవాత ఆకుల మొదళ్ళు పసుపు తిరిగాయి. చీమలు బారులు కట్టాయి. వకుళ భయపడి తీర్థం ఇంకాస్త ఎక్కువ పోసింది.

ఊటకు నీళ్ళకు వెళ్ళే దారిలో పనసచెట్టు మీద ఇంకొక మొక్క ఉండేది. మాణిక్యాంబ వెళ్ళిపోయే ముందు కట్టినది. దాని మొహం చూసేవాళ్ళు లేరు. చలికి ఆకులన్నీ రాల్చేసి, ముడతలు పడ్డ కాడలు మాత్రం పుల్లల్లా వేలాడదీసుకుని ఉంది. దాని పక్కనుంచి బిందెతో వస్తూ వకుళ ప్రతిరోజూ ఒక క్షణం ఆగేది. కట్టినామె బుద్ధే కట్టిన మొక్కకూ వచ్చిందనుకుని కాస్త తృప్తి పడేది. పీకి పొయ్యిలో పెడదామని కూడా ఒకసారి చెయ్యి చాపింది గాని బిందె బరువుగా ఉండడం వల్ల మానుకుంది.

అమ్మగారు మాఘమాసంలో తిరిగి వచ్చారు. ఒకదాని తరవాత ఒకటిగా రెండు కళ్ళూ బాగుపడ్డాయి. జీపు దిగి, ఎదురొచ్చిన వకుళ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశారు.

"నీ జుట్టు నెరిసిందే వకుళా. నేను చూడనే లేదు" అన్నారు.

వకుళ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సంతోషం మామిడిచెట్టు దాకా కూడా నిలవలేదు. అమ్మగారు చెట్టు దగ్గర ఆగి ముందు గాలి పీల్చారు. విరిగిన పాల పులుపు వాసన. ఒక మొక్క మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకున్నారు. పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల నల్లటి నీరు. ఇంకొకటి పట్టుకున్నారు. అదీ అంతే.

"పాలు కూడా పోశావా?"

"మీ పాదుకల తీర్థం అమ్మా. తొక్కే చోట పోయకూడదు కదా."

అమ్మగారు కోప్పడలేదు. కోప్పడితే వకుళకు కాస్త తేలికగా ఉండేది. ఆమె ఒక్కో మొక్కనూ తడుముకుంటూ చెట్టు చుట్టూ తిరిగారు, చిన్నపిల్లల తలలు నిమిరినట్టు. వకుళ చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆమెకు తెలుసు, అయినా ఏడవకుండా ఉండలేకపోయింది.

చివరికి ఒక్క మొక్కలో ప్రాణం ఉందని తేలింది. అమ్మగారు దాన్ని చెట్టు మీద నుంచి విప్పించి, మంచినీళ్ళలో ముంచి జిడ్డంతా కడిగించారు. కుళ్ళిన వేళ్ళు కత్తితో కోయించారు. కోసిన చోట పసుపు అద్దించారు. మిగిలింది ఒక బక్క కాడ, వాడిన ఒక ఆకు, బొటనవేలంత వేరు. దాన్ని పొద్దుటి ఎండ తగిలే కొమ్మకు పురికొసతో వేలాడదీయించారు.

"నేను చెప్పేదాకా దీనికి చుక్క నీళ్ళు పోయకు" అన్నారు.

వకుళకు అంత కష్టమైన ఆజ్ఞ జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ఉపవాసం ఉండమంటే ఉండేది. రాత్రంతా జపం చేయమంటే చేసేది. ఊరికే ఉండమంటే ఎలా? రోజూ కొమ్మ కిందికి వెళ్ళి చూసేది. ఆకు ముడుచుకుపోతోంది. వేరు తెల్లగా, ఎండుగడ్డిలా అయిపోతోంది. అమ్మగారికి వయసు మీదపడి మతిమరుపు వచ్చిందేమో, చెప్పడం మరిచిపోయారేమో అని కూడా అనుమానపడింది. అంతటి గురుభక్తురాలికి గురువు మీద అనుమానం రావడం అదే మొదలు. ఒక మధ్యాహ్నం అమ్మగారు కునుకు తీస్తుండగా ఇక ఆగలేక, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆ వేరు మీద పోసింది. తెల్లటి వేరు కళ్ళముందే పచ్చబడింది. మంచం మీది తల్లి రెండు చెంచాల జావ మింగినప్పుడు కలిగే సంతోషం లాంటిది వకుళ గుండెల్లో పొంగింది.

అమ్మగారి కళ్ళు ఇప్పుడు మునుపటివి కావు. లేచి వరండాలోకి వచ్చి అక్కడి నుంచే అన్నారు.

"ఆ వేరు పచ్చగా ఉందేం?"

వకుళ తల వంచుకుంది. "దాహం వేస్తోందేమోనని పోశానమ్మా."

"ఆ దాహం దానిదా, నీదా?"

వకుళ బిందె తీసుకుని ఊట వైపు నడిచింది. నీళ్ళ కోసం కాదు, అక్కడ ఎవరూ ఉండరని. ఊట పక్క రాతి మీద కూర్చున్నాక, పదేళ్ళుగా తొక్కిపెట్టిన ఒక సంగతి పైకి వచ్చింది. చివరి రోజుల్లో తల్లి చెంచా దగ్గరికి రాగానే మొహం పక్కకు తిప్పుకునేది. చాలమ్మా అని కూడా అంది. గట్టిగా అనడానికి ఆమెకు ఓపిక లేదు. వకుళ గడ్డం పట్టుకుని, ఇంకొక్క చెంచా, ఇంకొక్క చెంచా అంటూ పోస్తూనే ఉంది. ఆ జావ తల్లికి ఆకలై కాదు. పోయడం ఆపితే కూతురికి చేయడానికి ఇంకేమీ మిగలదని. వకుళ ఖాళీ బిందెతోనే లేచింది. తిరిగి వచ్చేటప్పుడు పనసచెట్టు దగ్గర ఎప్పటిలాగే ఆగింది గాని, ఆ ఎండుపుల్లల్ని చూసి తృప్తి పడడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ తరవాత ఆమె వేలాడే మొక్కను ముట్టుకోలేదు. చూడడం మానలేదు. చూడడం ఎంత కష్టమో, చేతులు ఎంత సలుపుతాయో ఆమెకే తెలుసు. ఖాళీగా ఉన్న ఆ చేతులతోనే వరండాలో కూర్చుని, అమ్మగారి కోసం వచ్చినవాళ్ళు చెప్పేది వినడం మొదలుపెట్టింది. అమ్మగారు అలిసిపోయారని లేవగొట్టడం మరిచిపోయింది. ఒకనాడు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న ఒక కోడలి పక్కన, ఓదార్పు మాటేదీ తోచక, ఊరికే కూర్చుంది. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు అమ్మగారికి కాదు, వకుళకు దండం పెట్టి వెళ్ళింది. వకుళ దాన్ని పొరపాటనుకుంది.

ఫాల్గుణం వచ్చింది. ఒక ఉదయం ఊట దారిలో ఆమె బిందె దించేసి నిలబడిపోయింది. పనసచెట్టు మీది పుల్లలన్నీ పూశాయి. ఒక్క ఆకు లేదు, కాడ పొడుగునా లేత ఊదారంగు పూలు, గాలికి కదులుతూ. వకుళకు ముందు అసూయ కలిగింది. ఆమె మనిషే కదా. ఆ వెనకనే సిగ్గేసింది. ఆ రెండూ పోయాక కూడా అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో కాఫీకి నీళ్ళు లేవని ఎవరో కేకేస్తేగాని కదలలేదు.

అమ్మగారితో ఆ పూల సంగతి చెప్పింది. అమ్మగారు "అవునా" అన్నారు. వకుళను వెంటబెట్టుకుని వేలాడే మొక్క దగ్గరికి వెళ్ళారు. వాడిన ఆకు రాలిపోయింది. దాని మొదట్లోంచి కొత్త వేరు ఒకటి బయటికొచ్చింది. తెల్లగా ఉంది, కొస మాత్రం పచ్చగా. అది గాలిలో వంపు తిరిగి కొమ్మ వైపు పాకుతోంది.

"ఇక దీన్ని మానుకు కట్టెయ్యి. రేపటి నుంచి నీళ్ళు పోయొచ్చు, పొద్దుటి పూట."

"ఎన్ని పోయమంటారు?"

"వేరు పచ్చబడేదాకా. మళ్ళీ తెల్లబడేదాకా ఆగు." కొత్త వేరును చూపించి అమ్మగారు అన్నారు. "నీళ్ళు దొరకని పూటే అది పాకేది."

వకుళ మొక్కను కట్టింది. పురికొస మరీ బిగించలేదు. తన పదేళ్ళ ప్రశ్నను ఆమె మళ్ళీ ఎత్తలేదు, అమ్మగారూ గుర్తు చేయలేదు. కోనవలస వాళ్ళు ఇల్లు కప్పు వేశామని కబురు చేస్తే, ఈసారి చెంబు ఒరగలేదు. భయం లేక కాదు. భయం ఉన్నా వెళ్ళవచ్చునని తెలిసి.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగానే వకుళ ఇత్తడి పళ్ళెం, వేణ్ణీళ్ళు పట్టుకుని వచ్చింది. అమ్మగారు పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"ఈ పూట నేనే కడుక్కుంటాను. నేను వంగి పదేళ్ళయింది."

వేణ్ణీళ్ళు పక్కన పెట్టించి, తొట్టిలోంచి చన్నీళ్ళు ముంచుకున్నారు. ఒక చేత్తో వరండా స్తంభాన్ని పట్టుకుని మెల్లగా వంగారు. నడుము పట్టేసినట్టుంది, మధ్యలో ఆగారు. వకుళ చేతులు వాటంతటవే లేచాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని, వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. అమ్మగారు ఇంకాస్త వంగి, ఒక పాదం మీద నీళ్ళు పోసుకున్నారు. చలికి ఒళ్ళు జలదరించింది. రెండో పాదం మీద కూడా పోసుకుని, తడికాళ్ళతో నిటారుగా నిలబడ్డారు. ఆయాసంతో ఆమె మొహం ఎర్రబడింది, చాలా సంతోషంగా కూడా ఉంది.

వకుళ మోకరిల్లి ఆ తడిపాదాలకు నుదురు ఆనించింది. లేచి మూట చంకన పెట్టుకుంది. మెట్లు దిగింది. దిగినామె అక్కడే ఆగిపోయింది. కార్తీకమాసంలో అడగలేక, ఇంకో ప్రశ్న కింద దాచిపెట్టినది ఇక దాచలేకపోయింది.

"అమ్మా, నేను తిరిగి వచ్చేసరికి మీరుంటారా?"

అమ్మగారు ఆమె కళ్ళలోకి సూటిగా చూశారు.

"ఉండకపోవచ్చు" అన్నారు. "అందుకే ఇప్పుడు పంపుతున్నాను."